రేకుల గదికి ఎండ దిగకుండా: డాబా మీది చిన్న ఇంటికి ఇన్సులేషన్ వేసుకునే పద్ధతి

డాబా మీద పిట్టగోడకు ఆనించి కట్టిన ఒంటి గది, దానికి తోకలా అంటుకున్న వంటిల్లు, పైన రేకులు. విజయవాడలోనైనా, వరంగల్లులోనైనా, కర్నూలులోనైనా చిన్న ఇల్లు అనగానే చాలామందికి ముందు కళ్లముందు మెదిలేది ఇదే. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆ పదిహేను రోజులూ మధ్యాహ్నం రెండు గంటల వేళ ఇటువంటి గదిలో నడుం వాల్చడం ఎవరి వల్లా కాదు. ఏసీ పెట్టించుకున్నవారి పరిస్థితి కొంత నయమే అయినా, మిషను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. కరెంటు బిల్లు చూసినప్పుడు ఒంట్లో మిగిలిన ఆ కాస్త చల్లదనమూ ఆవిరైపోతుంది. పది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉన్న రేకుల గదిని ఉదాహరణగా తీసుకొని, దానికి ఇన్సులేషన్, అంటే వేడి దిగకుండా ఆపే పొర, ఏ వరుసలో, ఏ సామానుతో, ఏ జాగ్రత్తలతో వేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. శ్లాబు కప్పు ఉన్నవారికీ, కంటైనరును ఇల్లుగా మార్చుకుంటున్నవారికీ పనికివచ్చే సంగతులను మధ్యలో విడిగా చెబుతాను.

వరుస అన్నమాటను కావాలనే వాడాను, ఎందుకంటే ఈ పనిలో సామాను ఎంపిక కన్నా వరుసే ముఖ్యం. ఎండను రేకు మీద పడకముందే ఆపగలిగినంత ఆపాలి, పడినదాన్ని రేకు కింద ఆపాలి, ఆ తరువాతే గోడల గురించీ కిటికీల గురించీ ఆలోచించాలి. నేను మొదటిసారి ఈ వరుసను తలకిందులు చేశాను. మా మేడ మీది గదికి లోపలి నుంచి థర్మోకోల్ పలకలను నేరుగా రేకులకు అతికించి, వాటి కింద పీవీసీ సీలింగు బిగించి, ఆ వేసవి గట్టెక్కినట్టేనని అనుకున్నాను. ఏప్రిల్ నెలాఖరుకు గదిలో మళ్లీ పాత వేడే. సీలింగు పలక ఒకటి ఊడదీసి చూస్తే థర్మోకోల్ రేకుకు తగిలినంతమేరా మాడిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. పలకకూ పలకకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఏర్పడి, వేడి గాలి అక్కడి నుంచి తిన్నగా కిందికి దిగుతోంది. థర్మోకోల్ సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుందనీ, గాలి ఆడని చోట ముదురు రంగు రేకు ఆ వేడికి చేరువగా వెళ్లగలదనీ అప్పటికి నాకు తెలియదు.

వేడి ఎటు నుంచి ఎంత వస్తోంది

వేసవిలో మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు చోటు మీద దాదాపు 1,000 వాట్ల ఎండ పడుతుంది. మన గది కప్పు 160 చదరపు అడుగులు, అంటే సుమారు 15 చదరపు మీటర్లు. విజయవాడ అక్షాంశంలో మే మొదటి వారంలో సూర్యుడు మధ్యాహ్నానికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత జూన్ దాకా కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల మే నెలలో దక్షిణపు గోడ మీద ఎండ పెద్దగా పడదు. తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ సాయంత్రం కాగుతాయి. కప్పు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఏ ఇన్సులేషనూ లేని ఇనుప రేకు, తనకు అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు సుమారు 5 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. ఎండా వడగాలీ కలిసిన ప్రభావం 65 డిగ్రీల వేడితో సమానమనీ, లోపల మనం 30 డిగ్రీలు ఉంచదలచుకున్నామనీ అనుకుంటే, కప్పు ఒక్కదాని నుంచే 2,600 వాట్ల పైచిలుకు దిగుతుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే దాని శక్తిలో మూడింట రెండు వంతులకు మించి రేకులే మింగేస్తున్నాయి. గోడలకు, కిటికీకి, ఫ్రిజ్జుకు, మనుషులకు మిగిలేది ఆ కొంచెమే. అదే రేకుకు తెల్లని పూత వేస్తే దిగే వేడి 1,500 వాట్ల దగ్గరకు తగ్గుతుంది. పూతతో పాటు కింద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన ఉన్ని, కూడా పరిస్తే 200 వాట్లకు పడిపోతుంది. రేకు రంగు, గాలి, తుప్పు, దుమ్ము వీటిని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి కానీ, వాటి మధ్య ఉన్న నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

మొదటి పని: కప్పు పైన

పైన పనిచేసేముందు ఒక హెచ్చరిక. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకూడదు. పైకి గట్టిగా కనిపిస్తూనే ఒక్కసారిగా విరుగుతాయి. కింద ఇనుప పైపులు ఎక్కడ ఉన్నాయో చూసుకొని, కనీసం రెండు పైపుల మీదుగా ఆనేటట్టు పొడవాటి చెక్క పలక వేసి, దాని మీదనే నడవాలి. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని నూగు ఊపిరితిత్తులలోకి వెళితే క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. కాబట్టి అటువంటి రేకులను కోయడం, రంధ్రాలు వేయడం, ఇనుప బ్రష్షుతో గీకడం చేయకూడదు. నాచు పట్టి ఉంటే నీళ్లు పోసి నానబెట్టి, మెత్తని చీపురుతో తుడవాలి. పగిలిన రేకులు ఉంటే వాటికి పూత వేసి దాచిపెట్టకుండా మార్పించుకోవడమే మంచిది.

ముందుగా కారుతున్న చోట్లు మూయాలి. రేకులను పైపులకు బిగించే జె హుక్కుల కింద ఉండే రబ్బరు వాషర్లు నాలుగైదేళ్ల ఎండకు పెళుసెక్కి చీలిపోతాయి. ఒక్కొక్క హుక్కును చేత్తో కదిపి చూసి, వదులైనవాటికి కొత్త వాషర్లు వేయాలి. రేకు మీద రేకు ఎక్కే చోట సీలెంటు పెట్టాలి. ఈ పని చేయకుండా కింద ఇన్సులేషన్ పరిస్తే తొలి వానకే అది నీళ్లు పీల్చుకుంటుంది, తడిసిన ఉన్ని వేడిని ఆపలేదు.

తరువాత తెల్లని పూత. ఇందులో రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది మన తాతల నాటి సున్నం. రాతి సున్నాన్ని విరిసేదాకా నీళ్లలో నాననిచ్చి, వడకట్టి, పట్టు కోసం కొంచెం ఫెవికాల్ కలిపి రెండు మూడు పూతలు వేస్తే కొత్తలో ఎండను బాగా తిప్పికొడుతుంది, ఖర్చు కూడా తక్కువే. అయితే వానాకాలంలో కడుక్కుపోతుంది కనుక ప్రతి ఏడూ మళ్లీ వేసుకోవాలి. సున్నం విరిసేటప్పుడు సలసల కాగుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు, కాబట్టి ఆ బకెట్టు దగ్గరకు పిల్లలను రానివ్వకూడదు, కళ్లద్దాలు లేకుండా మనమూ వెళ్లకూడదు. రెండవది అంగళ్లలో కూల్ రూఫ్ పెయింటు పేరుతో దొరికే అక్రిలిక్ పూత; ఇది కొన్నేళ్లు నిలుస్తుంది. ఏది వేసినా తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ వేయాలి. కాలుతున్న రేకు మీద వేసిన పూత పట్టకముందే ఎండిపోయి పొరలుగా లేస్తుంది. ఇనుప రేకుకు తుప్పు ఉంటే ముందు గీకి, ప్రైమరు వేసి, ఆరనిచ్చిన తరువాతే తెల్ల పూత. మరొక సంగతి, తెల్ల పూత మీద దుమ్ము పేరుకుంటే దాని సుగుణంలో చాలా భాగం పోతుంది. ఉగాది ముందు ఒకసారి కప్పును కడగడం అలవాటు చేసుకుంటే పూత ఖర్చు వృథా కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఇలా చల్లని కప్పుగా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. పెద్ద భవనాలకు ఇది విధానమైతే, రేకుల గదికి ప్రాణావసరం.

పూత కన్నా ఇంకొక మెట్టు పైది నీడ. రేకులకు ఒక అడుగు ఎత్తున వెదురు గానీ పైపులు గానీ నిలబెట్టి, దాని మీద షేడ్ నెట్ గట్టిగా లాగి కడితే, ఎండలో ఎక్కువ భాగం నెట్టు మీదనే ఆగి, మధ్య ఖాళీలో ఆడే గాలికి ఆ వేడి కొట్టుకుపోతుంది. నెట్టును రేకు మీద నేరుగా పరిస్తే ఈ లాభం ఉండదు. తాటాకు పరిస్తే నీడ ఇంకా చల్లగా ఉంటుంది కానీ, డాబాల మీద టపాసులు కాల్చే మన దీపావళిని తలచుకుంటే ఊళ్ల మధ్య నేనైతే దాన్ని సిఫారసు చేయను. పల్లెల్లో పూరింటి మీదికి సొరపాదో గుమ్మడిపాదో పాకించడం కూడా ఈ నీడ లెక్కలోనిదే. ఉగాది నాటికి కప్పంతా ఆకు కమ్ముకోవాలంటే విత్తనాన్ని సంక్రాంతి ముందే కుండీలో పెట్టాలి, తీగ రేకును పట్టకుండా పైన కట్టిన తాళ్ల మీదుగా నడపాలి.

రెండవ పని: కప్పు కింద

ఇక్కడ ఖాళీకి ఒక పని ఉంది, ఉన్నికి ఒక పని ఉంది, మెరిసే రేకు కాగితానికి ఒక పని ఉంది. ఈ మూడింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

వేడి గాలి పైకి పోతుంది కాబట్టి, కాగిన రేకు కింద ఉన్న ఖాళీలో గాలి కదిలి వేడిని కిందికి మోసుకురాదు. అక్కడ వేడి కిందికి దిగేది ప్రధానంగా వికిరణం ద్వారానే. కుంపటి ముందు కూర్చుంటే గాలి లేకపోయినా మొహానికి సెగ తగులుతుంది కదా, అదే ఇది. ఒక వేడి దగ్గర ఏ వస్తువైనా వదలగలిగిన గరిష్ఠ సెగలో మామూలు ఉపరితలాలు దాదాపు 90 శాతాన్ని వదులుతాయి, శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్ మాత్రం 5 శాతం లోపే వదులుతుంది. అందువల్ల మన వేసవి కప్పు కింద ఫాయిల్ పనిచేసినంత బాగా మరెక్కడా పనిచేయదు, కానీ ఒక షరతు మీద: దాని మెరిసే మొహం ముందు కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. ఫాయిల్‌ను రేకుకూ పలకకూ మధ్య నొక్కిపెడితే అది ఉత్త లోహపు పొర, వేడి దానిగుండా హాయిగా దాటిపోతుంది. రెండు వైపులా మెరుపు ఉన్న బబుల్ ఫాయిల్ దొరికితే మంచిదే. ఒక్క వైపే మెరుపు ఉంటే దాన్ని కిందికి తిప్పి వేయాలి, ఎందుకంటే పై మొహం మీద దుమ్ము పడి నాలుగేళ్లలో మెరుపు పోతుంది, కింది మొహం మీద దుమ్ము నిలవదు.

పని సాగవలసిన తీరు ఇది. రేకులను మోసే ఇనుప పైపుల అడుగున, ఫాయిల్‌ను ఒక చివర నుంచి మరొక చివరకు కొద్దిగా వాలుగా సాగదీసి, జోళ్ల దగ్గర ఒకదాని మీద మరొకటి నాలుగు అంగుళాలు ఎక్కించి, అల్యూమినియం టేపుతో మూయాలి. వాలు ఎందుకంటే, చలికాలం తెల్లవారుజామున మంచుకు చల్లబడిన రేకుల అడుగున నీటి బొట్లు పడతాయి, ఆ చెమ్మ ఫాయిల్ మీదుగా జారి చూరు వైపు బయటికి పోవాలి. ఫాయిల్‌కూ రేకుకూ మధ్య ఖాళీకి రెండు చివరలా గాలి ఆడేటట్టు తెరపి ఉంచి, ఆ తెరపికి సన్న ఇనుప జాలి బిగించాలి. జాలి మరచిపోతే ఉడతలు, ఎలుకలు, కందిరీగలు అన్నీ వచ్చి కాపురం పెడతాయి. మా గదిలో ఒక వానాకాలమంతా రాత్రిళ్లు సీలింగు మీద వినిపించిన పరుగులు ఆ జాలి లేకపోవడం వల్లనే.

ఫాయిల్ కింద ఒక అంగుళం వదిలి, సీలింగు చట్రం మీద ఇన్సులేషన్ పలకలు పరవాలి. ఏవి అన్నదానికి నా అభిప్రాయం చెబుతాను. రాక్‌వూల్ కాలదు, వేడికి ముడుచుకోదు, వాన చప్పుడును కూడా తగ్గిస్తుంది. రేకుల గదిలో ఆషాఢపు వానలో ఫోను మాట్లాడటానికి తిప్పలు పడినవారికి ఈ చివరి గుణం విలువ తెలుస్తుంది. తడి మాత్రం తగలకూడదు, పరిచేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి, లేకపోతే రెండు రోజులు దురద. ఎక్స్‌పీఎస్ పలక, అంటే థర్మోకోల్ జాతికే చెందిన గట్టి నురుగు పలక, నీళ్లు పీల్చదు, అదే మందానికి రాక్‌వూల్ కన్నా కొద్దిగా ఎక్కువ వేడిని ఆపుతుంది, కానీ మండుతుంది. పఫ్, అంటే పాలీయురేథేన్ నురుగు, అన్నిటికన్నా ఎక్కువ ఆపుతుంది, అదీ మండేదే, ధరా ఎక్కువ. థర్మోకోల్ చవక; మండితే నల్లని విషపు పొగ కక్కుతుంది. వంటా పడకా ఒకే చోట ఉన్న చిన్న ఇంటిలో మండే సామాను వేయవలసివస్తే, దాన్ని గదికి కనిపించేలా వదలకుండా జిప్సం బోర్డు గానీ సిమెంటు బోర్డు గానీ అడ్డం ఉండాలి. పీవీసీ పలకలు ఆ అడ్డం పని చేయవు. నన్నడిగితే కప్పుకు రాక్‌వూల్, గోడకు ఎక్స్‌పీఎస్.

పలకల మధ్య సందు ఉంచకూడదు. వందలో ఐదు వంతుల చోటు ఖాళీగా వదిలినా, అక్కడి నుంచి దిగే వేడి మిగతా చోటంతటి నుంచి దిగేదానిలో మూడో వంతును దాటుతుంది. ఉన్నిని నొక్కి కుక్కినా నష్టమే, దానిలో పట్టి ఉన్న గాలే వేడిని ఆపేది.

కరెంటు తీగల గురించి విడిగా చెప్పాలి. పీవీసీ తొడుగు ఉన్న తీగలు థర్మోకోల్‌కో ఎక్స్‌పీఎస్‌కో తగులుతూ ఉంటే, తొడుగును మెత్తగా ఉంచే రసాయనం ఆ పలకలోకి ఇంకిపోయి కాలక్రమంలో తొడుగు పెళుసెక్కుతుంది. పైగా ఇన్సులేషన్ మధ్య పూడ్చిన తీగ వేడి బయటికి పోక మరింత కాగుతుంది. కాబట్టి తీగలన్నీ పైపులలోనే వెళ్లాలి, ఏసీ తీగ మందం విషయంలో ఎలక్ట్రీషియన్‌కు ఇన్సులేషన్ వేస్తున్న సంగతి ముందే చెప్పాలి. ఫ్యాను కొక్కెం సీలింగు చట్రానికి కాక పై ఇనుప పైపుకే ఉండాలి. చట్రం దిగాక ఫ్యాను రెక్కలు నేలకు ఏడున్నర, ఎనిమిది అడుగుల ఎత్తున ఉండేటట్టు పొట్టి కడ్డీ వేయించుకోవాలి. సీలింగుకు మరీ ఆనితే గాలి రాదు, మరీ దిగితే చొక్కా విప్పేటప్పుడు చేతులు పోతాయి.

కప్పు శ్లాబు అయితే

శ్లాబుది వేరే స్వభావం. రేకు ఎంత వేగంగా కాగుతుందో అంత వేగంగా చల్లారుతుంది. శ్లాబు పగలంతా వేడిని తాగి, రాత్రి ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా మన మీదికి కక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి బల్ల ఎక్కి శ్లాబు అడుగున అరచేయి ఆనించి చూడండి, ఏ థర్మామీటరూ అక్కర్లేదు. అందుకే శ్లాబుకు ఇన్సులేషన్ పైననే వేయాలి. ఆరు అంగుళాల శ్లాబు చదరపు మీటరుకు డిగ్రీకి సుమారు 3.4 వాట్ల వేడిని దింపుతుంది. కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్లలో ఇంధన పొదుపు నియమావళి, ఇళ్ల కప్పులకు పెట్టిన హద్దు 1.2. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగు చేసి, 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పలకలు పరిచి, వాటి మీద వాలుతో సన్న కాంక్రీటు పోసి, పైన పగిలిన తెల్ల టైల్సు ముక్కలు పొదిగితే ఆ హద్దులోకి వచ్చేస్తాం. 50 మిల్లీమీటర్లు వేస్తే 0.6 లోపుకు దిగుతుంది. రాయలసీమ మిద్దెల మీద పరిచిన చవుడు మట్టి చేసిన పని కూడా ఇటువంటిదే, బరువు మాత్రం చాలా ఎక్కువ. ఇప్పటి పలుచని శ్లాబుల మీద ఇంజనీరును అడగకుండా మట్టి పోయకూడదు.

గోడలు, కిటికీ, తలుపు

కప్పు పని పూర్తయ్యేదాకా గోడల జోలికి పోవద్దు. అయ్యాక పడమటి గోడను ముందు చూడండి. గోడకు అర అడుగు దూరంలో బయట వెదురు తడిక నిలబెట్టడమే చాలా ఇళ్లకు సరిపోతుంది. గోడ నాలుగున్నర అంగుళాల ఇటుకదై, నీడకు వీలే లేకపోతే, లోపలి వైపు 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్, దాని మీద జిప్సం బోర్డు వేసుకోవచ్చు. గది అటు పక్క సుమారు రెండు అంగుళాలు తగ్గుతుంది, బీరువా కొలత ముందే చూసుకోండి. గది ఇంకా కట్టని వారు మాత్రం మామూలు ఇటుకకు బదులు ఎనిమిది అంగుళాల ఏఏసీ బ్లాకులతో, అంటే గాలి బుడగలు నిండిన తేలికపాటి కాంక్రీటు ఇటుకలతో, గోడ లేపుకుంటే ఈ పని ఏదీ ఉండదు.

కిటికీకి లోపల కట్టిన తెర కన్నా బయట కట్టిన తెర ఎన్నో రెట్లు మేలు. అద్దం దాటిన ఎండ తెరను కాల్చి, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. బయట చాప గానీ, వట్టివేళ్ల తడిక గానీ వేలాడదీస్తే ఎండ అద్దం దాకా రాదు. ఇక సందులు కనిపెట్టడానికి అగరుబత్తి చాలు. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, వెలిగించిన బత్తిని చౌకట్ల వెంట నెమ్మదిగా జరపండి. పొగ నిటారుగా లేస్తే సరే, వంకర తిరిగిన చోట సందు ఉన్నట్టు. చిన్నవాటికి సిలికాన్, తలుపు అడుగుకు రబ్బరు పట్టీ. గోడకూ రేకుకూ మధ్య, రేకు వంపుల కింద ఉండే అరచంద్రాల్లాంటి సందులను చాలామంది చూడనే చూడరు. వడగాలి వచ్చేది అక్కడి నుంచే. సీలింగుకు దిగువన అటువంటివి ఉంటే ఫోము ముక్కలు కోసి మూసేయాలి. సీలింగుకు ఎగువన ఉన్నవి మనం ఇంతకు ముందు చెప్పుకున్న తెరపులు, వాటికి జాలి తప్ప మూత వద్దు.

చెమ్మ గురించి ఒక ముఖ్యమైన మాట

అమెరికాలోనో కెనడాలోనో చక్రాల మీద చిన్న ఇళ్లు కట్టుకునేవారి వీడియోలు ఇప్పుడు మన వాళ్లు కూడా చూసి పనులు చేయిస్తున్నారు. వాటిలో చలి ప్రాంతాల వారు ఇన్సులేషన్‌కు లోపలి వైపు, అంటే గది వైపు, ప్లాస్టిక్ షీటు కొడతారు. అక్కడ అది సరైనదే, చలికాలంలో లోపలి వెచ్చని తేమ గాలి గోడలోకి పోకుండా ఆపడానికి అది. మన దగ్గర తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వానాకాలంలో ఏసీ వేసుకొని పడుకుంటే బయటి తేమ గాలి గోడలోకి చొచ్చుకొచ్చి, చల్లని ఆ లోపలి ప్లాస్టిక్ వెనుక నీరవుతుంది. ఆరే దారి లేక అక్కడే బూజు పడుతుంది. కాబట్టి మన ఇళ్లలో తేమను ఆపే పొర, అంటే ఫాయిల్ గానీ షీటు గానీ, ఇన్సులేషన్‌కు బయటి వైపే ఉండాలి. లోపలి వైపు జిప్సం, మామూలు రంగు వంటి ఊపిరాడే పొరలు ఉండాలి, వినైల్ వాల్‌పేపరు అంటించకూడదు.

కంటైనరులో ఈ సమస్య మరింత తీవ్రం, ఎందుకంటే గోడలన్నీ ఇనుమే. ఇరవై అడుగుల కంటైనరు లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు, రెండు వైపులా 50 మిల్లీమీటర్లు పోతే 2.25 మిగులుతుంది, పైన సీలింగు బోర్డు, ఫ్యానూ కలిస్తే ఎత్తు ఇంకా ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఇనుముకు నేరుగా పట్టే పఫ్ స్ప్రే మిగతావాటికన్నా మేలు, ఇనుముకూ నురుగుకూ మధ్య గాలి చొరబడదు కనుక నీరు పట్టే చోటే ఉండదు. లోపల బోర్డులు బిగించే ఇనుప చట్రాన్ని కంటైనరు గోడకు నేరుగా వెల్డు చేస్తే ఆ కడ్డీల వెంటే వేడి లోపలికి నడిచి వస్తుంది. మధ్యలో చెక్క ముక్కలో, రబ్బరు ముక్కలో పెట్టాలి.

గాలి

సందులు మూసిన చిన్న గదిలో గ్యాసు పొయ్యి వెలిగితే తేమతో పాటు విషవాయువు కూడా పేరుకోవచ్చు. పొయ్యి పైన ఎగ్జాస్టు ఫ్యాను, దానికి ఎదురుగా కింద గాలి వచ్చే దారి తప్పనిసరి. బొగ్గుల కుంపటి లోపల ఎప్పుడూ పెట్టకూడదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వేసవి రాత్రులు కొంత చల్లబడతాయి కాబట్టి, పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూసి, రాత్రి తొమ్మిది తరువాత తెరిచి, ఎగ్జాస్టు ఫ్యానుతో లోపలి వేడిని బయటికి పంపితే ఇన్సులేషన్ ఆ చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా నిలుపుతుంది. కూలరు వాడేవారు మాత్రం పగలు కూడా ఎదుటి కిటికీని కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే గది ఉక్కపోత గూడవుతుంది. కోస్తాలో కూలరుకు ఖర్చు చేయకుండా ఆ డబ్బు కప్పుకు పెట్టడమే మేలని నా అభిప్రాయం. ఏసీ కొనదలచినవారు ఇన్సులేషన్ పని అయ్యాకే టన్నులు లెక్కపెట్టుకోవాలి. ముందు ఒకటిన్నర అడిగిన గదికి తరువాత ఒకటి, కొన్నిసార్లు ముప్పావు సరిపోతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేటట్టు నిబంధన ఉంది. కప్పు చల్లబడిన గదిలో 27 పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పినా ఒళ్లు సుఖంగానే ఉంటుంది, ఎందుకంటే తల మీది నుంచి సెగ దిగదు.

ఎప్పుడు చేయించాలి

సంక్రాంతి దాటాక, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేలోపు ఈ పని ముగించడం మంచిది. అప్పుడు వాన భయం ఉండదు, రేకు మీద చేయి పెట్టగలం, మేస్త్రీలూ దొరుకుతారు. ఒక్కసారిగా అంత డబ్బు లేకపోతే ఈ ఏడు కారుడు మూసి తెల్ల పూత వేసి నీడ కట్టండి, వచ్చే ఏడు ఫాయిల్, ఉన్ని, సీలింగు, ఆపై ఏడు పడమటి గోడ. సీలింగు మూసేముందు ఒక బకెట్టు నీళ్లు రేకుల మీద ప్రతి జోడు దగ్గరా పోయించి, లోపల నిలబడి పైకి చూడండి. తడి కనిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడ మళ్లీ సీలెంటు వేయించిన తరువాతే చివరి బోర్డు బిగించనివ్వండి. చూరు మూలన ఒక బోర్డును మాత్రం మేకులతో కాక మరలతోనే బిగించమనండి, తొలకరి అయ్యాక దాన్ని విప్పి ఉన్నిని చేత్తో తడిమి చూసుకోవచ్చు.